పావురాల గొట్టానికి నిమ్మకాయ

కిందటి వారం దుర్గను కోర్టు వరండాలో వదిలేశాం. గోడకి చెయ్యి ఆనించుకుని, ఎవరు పిలిచినా పలక్కుండా నిలబడిపోయింది కదా, దానికి కారణం ఉంది. తమ్ముడు బాబ్జీ ప్రాణం తీసిన తుపాకీని ఆమె దగ్గర్నించి చూడడం అదే మొదటిసారి.

బాబ్జీ సైకిలు మీద పార్సిళ్ళు చేరవేసేవాడు. బర్మాలోని యాంగోన్ నగరంలో, బోటాటౌంగ్‌లో ఒక బియ్యం గోదాము ముందు సైకిలు నిలబెడుతుంటే, చూరు దూలాల మీది పావురాల్ని బెదరగొట్టబోయిన కాపలాదారు కో టున్ గుండు దూలానికి తగిలి పక్కకి మళ్ళి వాడి మెడలో దిగింది. పట్టపగలు, పదిమందీ చూస్తుండగా. కో టున్ ఇప్పుడు జైల్లో ఉన్నాడు. “చప్పుడు చేసి పావురాల్ని బెదరగొడుతుందని చెప్పి గుండుతో సహా చేతికిచ్చారు, మనిషి చస్తాడని ఎవరూ చెప్పలేదు” అని కోర్టులో వెక్కి వెక్కి ఏడ్చాడు. గోదాము యజమాని కూడా తనకి అలాగే చెప్పి అమ్మారన్నాడు. అమ్మిన పెద్దమనిషి, పబేడాన్ బజారులో ఇనుప సామాన్ల కొట్టున్న మూర్తి, తను అమ్మింది పావురాల గొట్టమే తప్ప మరోటి కాదన్నాడు. అందరూ చేతులు కడిగేసుకున్నాక, బల్ల మీద మిగిలిన ఆ ఇనుప గొట్టం అడుగున, మర బిగించే చోట, దుర్గకి ఒక గుర్తు కనబడింది. రెండు పసుపు చారలు, మధ్యన ఎండిన కుంకుమ బొట్టు.

అలా పెట్టే చెయ్యి యాంగోన్‌లో ఆమెకి తెలిసి ఒక్కటే ఉంది. అది ఆమె మేనమామ సన్యాసి భార్య వెంకమ్మ చెయ్యి.

ఆ మాట దుర్గ తన కేసు చూస్తున్న లాయరమ్మ డా సాన్ యీకి చెప్పింది, పేరు మాత్రం చెప్పలేదు. చేసినవాడెవరో తనకి తెలిసినట్టుందని, ఒకసారి అడిగి వస్తానని అంది. డా సాన్ యీ కళ్ళజోడు తీసి ఆమె మొహంలోకి చూసింది.

“అడగవలసింది ఒక్కటేనమ్మా. చప్పుడు గొట్టం అనుకుని చేశాడా, మనిషిని చంపే గొట్టమని తెలిసే చేశాడా? తెలియక చేస్తే అతని మీద నేను కేసు నిలబెట్టలేను. తెలిసి చేస్తే అతన్నీ, అతని వెనకాల అమ్మినవాణ్ణీ కూడా లాగుతాను. లేకపోతే ఈ కేసు కో టున్ ఒక్కడితోనే ముగిసిపోతుంది” అంది.

ఆ ఒక్క ప్రశ్నా పట్టుకుని దుర్గ మేనమామ ఉండే తాకేటాకి బస్సెక్కింది.

మీరేమనుకున్నా సరే, నాకు ఒళ్ళు మండే సంగతొకటి ఇక్కడ చెప్పాలి. ఈ కేసులో ఇంతమంది ఇన్ని మాటలు మాట్లాడారు కదా, ఒక్కరి నోటంటయినా తుపాకీ అన్న మాట వచ్చిందా? రాలేదు. పావురాల గొట్టమట. పేరు మార్చేస్తే చాలు, అమ్మేవాడికి నిద్ర పడుతుంది, కొనేవాడికి నిద్ర పడుతుంది. బాబ్జీకి మాత్రం ఆ పేరు ఏ రకంగానూ పనికి రాలేదు.

కిటికీ పక్క సీటు దొరికినా దుర్గ బయటికి చూడలేదు. పజుండౌంగ్ కాలవ వంతెన దగ్గర మాత్రం తల తిప్పక తప్పలేదు. వంతెన వస్తే బాబ్జీ సైకిలు దిగి నడిచేవాడు. ఎక్కలేక కాదు, కింద పడవలు చూసుకుంటూ పోవడం వాడికి సరదా. “అప్పా, నాకు పార్సిళ్ళు మొయ్యడం కంటే పడవేసుకుని తిరగడం బాగుంటాది” అని అక్కతో అనేవాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది దుర్గ. వాడి మొదటి జీతానికి ఆమెకి కొన్న గొడుగు ఇప్పుడామె ఒళ్ళో ఉంది. గొడుగు పిడి గట్టిగా పట్టుకుని, వంతెన దాటేదాకా ఏడుపు ఆపుకుంది.

సన్యాసి షెడ్డు రోడ్డు పక్కనే. ముందు ఇనుము చెక్కే లేత్ మిషను, వెనక సంసారం. గుమ్మం పక్కన గోడకి నూకాలమ్మ అమ్మవారి పటం, పటం కింద చిన్న అరుగు. తయారైన సామాను ఏదైనా సరే ఆ అరుగు మీద కాసేపు ఉండి, వెంకమ్మ చేత బొట్టు పెట్టించుకోకుండా ఆ షెడ్డు దాటదు. పంపు సామానుకి బొట్టు చాలు. కత్తులకీ, నీళ్ళలో తిరిగే పడవ రెక్కలకీ, బండి ఇరుసులకీ మాత్రం బొట్టుతో పాటు నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది గుమ్మానికి అటూ ఇటూ పెడతారు. ఈ రోజు కూడా గుమ్మం దగ్గర రెండు నిమ్మచెక్కలున్నాయి. అరుగు మీద పడవ రెక్క ఒకటి మెరుస్తోంది.

చిన్నప్పుడు ఇద్దరూ సెలవులకి ఇక్కడే ఉండేవాళ్ళు. దానికి నిమ్మకాయ ఎందుకు, దీనికి ఎందుకు లేదు అని బాబ్జీ మావ ప్రాణం తోడేసేవాడు. ఒకసారి సన్యాసి వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాడు. “రగతం సూడబోయే ఇనుముకి ముందే నిమ్మకాయ ఇచ్చీయాలిరా. ఇవ్వకపోతే అది మనిసిని అడుగుతాది.” ఆ రాత్రి బాబ్జీ వంటింటి కత్తిపీటకి కూడా నిమ్మకాయ కొయ్యమని ఏడిచి, కోసేదాకా అన్నం తినలేదు.

దుర్గ లోపలికి వచ్చేసరికి లేత్ తిరుగుతోంది. సన్యాసి చెవులకి తాడుతో కట్టుకున్న కళ్ళజోడు మీంచి చూసి, మళ్ళీ ఇనుము మీదికి వంగాడు. వెనక గదిలోంచి వెంకమ్మ వచ్చింది.

“ఒలమ్మ, ఎలగయిపోనావే. అన్నం తింతన్నావా లేదా? కూకో, టీ ఎడతాను.”

“తరవాత తాగుతానత్తా” అంది దుర్గ. నిలబడే ఉంది. “మావా, మిషనాపు.”

సన్యాసి ఆపలేదు. “సెప్పు, ఇనిపిస్తంది.”

“బాబ్జీని కొట్టిన గొట్టం నువ్వే చేసినావు కదా.”

అప్పుడు కూడా చెయ్యి ఆగలేదు గాని, ఇనుము మీద పదును గీసుకుపోయి కీచుమంది. పాడైపోయిన ఆ ముక్కని చూసి సన్యాసి మిషను ఆపాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“ఎవులు సెప్పినారు?”

“అత్త పెట్టిన బొట్టు చెప్పింది. కోర్టులో చూసినాను.”

వెంకమ్మ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. అంటే ఆమెకి అప్పటిదాకా తెలియదు. చంపిన గొట్టమూ తను బొట్టు పెట్టిన గొట్టమూ ఒకటేనని ఆమెకి ఎవరు చెబుతారు? తెలిసిన ఒక్క మనిషీ ఆమె పక్కలోనే పడుకుని నోరు కుట్టుకున్నాడు.

“ఔను” అన్నాడు సన్యాసి. “నానే సేసినాను. మూర్తిబాబు కొలతలు ఇచ్చినాడు. గోదాములోన పావురాలు మూటలు పొడిసేస్తన్నాయి, చప్పుడు గొట్టం కావాలన్నాడు. సేసి ఇచ్చినాను. ఇనుము సేసుకు బతికేవోణ్ణి, ఇనుము సెయ్యకేటి సేస్తాను?”

“అదే గొట్టం మావా మన బాబ్జీని…”

“కాల్చినోడు ఆడు. ఆడికి వేలుంది, కళ్ళున్నాయి. నా గొట్టానికేటున్నాయి? రేపు నాను కత్తి సేసి అమ్మితే, కొన్నోడు ఎవుడి పీకో కోస్తే నన్నట్టుకుంటారేటి?”

ఇది సన్యాసి ఇవాళ పుట్టించిన మాట కాదు. బాబ్జీ పోయిన దగ్గర్నించీ, లేత్ ముందు నిలబడి, లోపల్లోపల తనకి తనే చెప్పుకుంటున్న మాట. దుర్గకి ఆ సంగతి అతను చెప్పిన తీరులోనే తెలిసింది.

“కత్తిని కత్తి అనే అమ్ముతావు” అంది. “తెగుతాదని కొన్నోడికి తెలుసు, పక్కనున్నోడికి తెలుసు, దూరంగా నిలబడతాడు. కో టున్‌కి ఏటని చెప్పినారు? చప్పుడని చెప్పినారు. చప్పుడు చేస్తాదనుకునే కదా కింద మనుషులున్నా పైకెత్తి నొక్కినాడు? ఆడికి పెళ్ళాం ఉంది మావా. కోర్టు బయట నా కాళ్ళట్టుకుంది. ఆవిడకి నేనేటి చెప్పాల?”

సన్యాసి స్టూలు మీద కూలబడ్డాడు.

“నాకూ చప్పుడనే సెప్పినారు” అన్నాడు, నేల చూస్తూ. “ఈ సేతులతోటి ఎత్తుకుని తిప్పినానే ఆణ్ణి. నాకు పిల్లల్లేరు. ఉన్నది మీరిద్దరే. తెలిస్తే సేస్తానా? నువ్వే సెప్పు, తెలిస్తే నాను సేస్తానా?”

దుర్గ నమ్మింది. నమ్మకుండా ఎలా ఉంటుంది? నమ్మాలనే కదా వచ్చింది. బస్సులో వస్తున్నంతసేపూ, మావ తెలిసే చేశాడని తేలాలని ఆమె ఒక్కసారి కూడా కోరుకోలేదు. తెలియదన్న మాట చెవిన పడగానే గుండె మీది బండ తీసినట్టయింది. కేసు పోతే పోయింది. కో టున్ ఖర్మ. తమ్ముడు ఎలాగూ రాడు, ఉన్న ఒక్క మావనీ తనెందుకు పోగొట్టుకోవాలి అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది కూడా. అయినా సన్యాసి పక్కన కింద కూర్చుని, నూనె మరకల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

అప్పుడే కరెంటు పోయింది. వీధిలో ఫ్యాన్లూ మిషన్లూ ఒక్కొక్కటే ఆగి, షెడ్డు నిశ్శబ్దమైపోయింది. వెంకమ్మ టీ గ్లాసులు తెచ్చి కింద పెట్టి, పటం కేసి తిరిగి ఏడవడం మొదలెట్టింది. గట్టిగా ఏడవలేదు. పొయ్యి ముందు కూర్చుని తనలో తను మాట్లాడుకునే మనిషిలాగే మాట్లాడుకుంటూ ఏడ్చింది.

“ఏటి తక్కువ సేసినామమ్మా నీకు? ఆ గొట్టానికీ బొట్టెట్టినాను కదా. నిమ్మకాయ కోసినాడు కదా ఆయన. అన్నీ సేసే కదా పంపినాం. అయినా మా గుంటణ్ణే తీసుకున్నావేటి తల్లీ?”

దుర్గ చేతిలో సన్యాసి చెయ్యి బిగుసుకుంది.

వెంకమ్మకి తను ఏమన్నదో తెలియదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, టీ చల్లారిపోతోందని కూడా చెప్పింది.

“మావా” అంది దుర్గ. “చప్పుడుకి నిమ్మకాయెందుకు?”

సన్యాసి తల ఇంకా కిందికి వంచాడు.

“పంపుకి కొయ్యవు. కుళాయికి కొయ్యవు. చప్పుడు గొట్టమైతే నిమ్మకాయెందుకు కోసినావు?”

చెయ్యి లాక్కుంటాడనుకుంది. లాక్కోలేదు. తర్వాత అతను తల ఎత్తకుండా, వెనక గోడ వేపు గడ్డంతో చూపించాడు. అక్కడ ఇనుప రేకు ఒకటి చేరేసి ఉంది. దాని మధ్యన చిన్న చిల్లు, చుట్టూ రేకు వెనక్కి వంగిపోయి ఉంది.

“గాలి కొట్టి, గుండేసి నొక్కి సూసినాను. అలగ పోతాదని నానూ అనుకోలేదు. మర్నాడు మూర్తిబాబుకి సెప్పినాను. బాబూ, ఇది చప్పుడు గొట్టం కాదు, మనిసికి తగిలితే బతకడు అని. ‘నీకెందుకు సన్యాసీ, పావురాల గొట్టం అనే అను, నానూ అలగే అంటాను’ అన్నాడు. నాకు బయవేసింది. బయవేసి…”

“బయవేసి?”

“నిమ్మకాయ కోసినాను.”

దుర్గ చెయ్యి వదిలేసింది. లేచి నిలబడింది. గుమ్మం దగ్గర ఎండుతున్న నిమ్మచెక్కల కేసి చూసింది.

“అమ్మోరికి చెప్పినావు” అంది. “ఇది రగతం చూస్తాదని అమ్మోరికి చెప్పినావు. నొక్కేవోడికి చెప్పలేదు. ఒక్క మాట చెప్పుంటే చాలు కదా మావా. కో టున్ మంచోడే. చెప్తే వినుండేవోడు.”

భయమేసిన మనిషి దేవతకి మొక్కుకోవడం తప్పని నేననడం లేదు. మొక్కుకుని, పక్కవాడికి చెప్పడం మానేశాడు చూశారూ, కడుపు మండేది అక్కడే.

“నీ పేరు లాయరుకి ఇస్తాను” అంది దుర్గ.

వెంకమ్మకి అప్పుడు అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకి జారబడిపోయింది. “నాను… నానే సెప్పీసినాను” అని మాత్రం అంది.

“ఇయ్యి” అన్నాడు సన్యాసి. అతని గొంతులో కోపం లేదు. బాబ్జీ పోయిన రోజు నించీ ఈ మాట ఎవరో వచ్చి అడగాలని ఎదురుచూసినట్టే ఉంది. “తెలిసే సేసినానని కోర్టులో సెప్తాను. మూర్తిబాబు ఏటన్నాడో కూడా సెప్తాను. జైలుకి పోతాను. ఇంట్లో నిద్దర పట్టడం లేదు, అక్కడైనా పడతాదేమో. గానీ ఇచ్చేముందు ఒకటినుకో.”

“ఇంకేటుంది వినడానికి?”

“ఆ యేళ ఇంట్లోన నిమ్మకాయ లేదు.”

దుర్గకి అర్థం కాలేదు. ఆ రోజు సంగతి గుర్తొచ్చిన వెంకమ్మ మాత్రం “వద్దు, అది సెప్పకు” అని మొగుడి కేసి చెయ్యి చాపింది. సన్యాసి ఆ చెయ్యి చూడలేదు.

“బాబ్జీ వచ్చినాడు ఆ యేళ. మూర్తిబాబే పంపినాడు, గొట్టం తీసుకెళ్ళి గోదాము ఆఫీసులోన ఇచ్చీమని. నానే ఆణ్ణి బజారుకి పంపి నిమ్మకాయ తెప్పించినాను. తెచ్చి సేతిలో పెట్టి నవ్వినాడు. ‘మావా, పావురాల గొట్టానికి నిమ్మకాయెందుకు?’ అన్నాడు. నువ్విప్పుడు అడిగినావే, అదే మాట.”

“నువ్వేటన్నావు?”

“నోర్మూసుకు పట్టికెళ్ళు అన్నాను.”

బయట ఎవరిదో జనరేటరు మొదలైంది. దుర్గ లేత్ మిషను పట్టుకుని నిలబడింది. ఇనుము ఇంకా వెచ్చగా ఉంది.

“ఆడికి తెలుసే” అన్నాడు సన్యాసి, ఏడుస్తూ. అరవై దాటిన ఆ మనిషి ఏడవడం దుర్గ ఎప్పుడూ చూడలేదు, తమ్ముడి శవం ముందు కూడా. “నిమ్మకాయ దేనికి కోస్తామో సిన్నప్పుడు ఒళ్ళో కూకోబెట్టుకుని సెప్పినాను కదా. నవ్వినాడు గానీ మొకం మారింది. గుడ్డ సుట్టి సైకిలుకి కట్టుకున్నాడు. గుమ్మం దాటేముందు ఎనక్కి సూసినాడు. నానేటైనా అంటానని సూసినాడేమో. నాను మిషనాడించుకున్నాను.”

తన చావుని తనే గుడ్డ చుట్టి, సైకిలుకి కట్టుకుని, ఆ వంతెన మీద దిగి నడుచుకుంటూ తీసుకెళ్ళాడు బాబ్జీ. పడవలు చూసుకుంటూ వెళ్ళాడో, చూడకుండా వెళ్ళాడో. దుర్గకి అదొక్కటే పట్టుకుంది. చూశాడా, చూడలేదా? దానికి జవాబు చెప్పేవాడు ఇంక లేడు.

“గోదామోళ్ళకి తెలుసు, తెచ్చినోడు ఆడేనని” అన్నాడు సన్యాసి కళ్ళు తుడుచుకుని. “మూర్తిబాబుకీ తెలుసు. ఇప్పుడు దాస్తన్నారు. నువ్వు మా పేర్లు బయటికి లాగితే, ఆళ్ళు ఈడి పేరు లాగుతారు. సచ్చినోడే తెలిసి మోసుకొచ్చినాడంటారు. అందుకని ఇను. నా పేరియ్యి. మోసుకెళ్ళింది కూడా నానేనని నాను సెప్పుకుంటాను. ఆడి పేరెత్తకు.”

ఎంత సులువుగా చెప్పాడు. ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టడం. తుపాకీని గొట్టం అన్నట్టే.

సంచిలో ఫోను మోగింది. డా సాన్ యీ.

వెంకమ్మ లేచి వచ్చి దుర్గ మోచెయ్యి పట్టుకుంది. “మీ మావ సెప్పినట్టే సెప్పే” అంది బతిమాలుతూ. “ఆ గుంటడికి పేరైనా మిగలనీ.”

ఫోను ఆగి, మళ్ళీ మోగింది. దుర్గ ఎత్తింది.

“ఏమైందమ్మా? రేపు కోర్టులో కాగితం పెట్టాలి” అంది డా సాన్ యీ, బర్మా భాషలో. “తెలిసే చేశాడా?”

దుర్గ సన్యాసిని చూసింది. అతను తలూపాడు. పటం కింద పడవ రెక్క బొట్టు పెట్టుకుని, బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

“తెలిసే చేశాడు” అంది దుర్గ. “తెలిసే అమ్మారు.” అంతవరకూ గొంతు బాగానే ఉంది. ఆ తర్వాత ఎన్నడూ లేనంత నెమ్మదిగా, ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ అంది. “తెలిసే మోసుకెళ్ళారు కూడా.”

“మోసుకెళ్ళినవాడు వేరే ఉన్నాడా?” డా సాన్ యీ గొంతు మారింది. “అతనే మనకి పెద్ద సాక్షి అవుతాడు. వస్తాడా కోర్టుకి? పేరు చెప్పు, రాసుకుంటాను.”

వెంకమ్మ వేళ్ళు మోచేతి మీద బిగిశాయి. ఎప్పుడు జారిందో, బాబ్జీ కొన్న గొడుగు గుమ్మం దగ్గర నేల మీద, నిమ్మచెక్కల పక్కన పడి ఉంది.

“చెప్పమ్మా, ఎవరతను?” అని అటునించి డా సాన్ యీ మళ్ళీ అడిగింది.